తెల్లదీపం వెలిగించకూడని గది

నేనేం పని చేస్తానని ఎవరైనా అడిగితే మా పిన్ని నాకంటే ముందే అందుకుంటుంది. "గబ్బిలాల పెంటలో రాళ్ళేరుతుంది" అంటుంది. నలుగురిలో ఆ మాట అని తనే పడీపడీ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. అబద్ధమైతే కోపం తెచ్చుకోవాలి గానీ ఉన్నమాటకి కోపమెందుకు?

సున్నపురాయి గుహల్లో గబ్బిలాలు వేల ఏళ్ళుగా కాపురం ఉంటాయి. వాటి కింద పెంట గుట్టలు గుట్టలుగా పడుతుంది. పైనుంచి కారే నీళ్ళు ఆ గుట్టలోంచి దిగుతూ, అందులోని ఘాటునంతా పట్టుకుని కిందున్న రాతిని తినేస్తాయి. తిన్నచోట కొత్త ఖనిజాలు పుడతాయి. ఒకటి మెత్తటి పిండిలా ఉంటుంది. ఒకటి మైనం ముద్దలా ఉంటుంది. ఇంకొకటుంది, బయటి పొడిగాలి తగిలితే చాలు, అరచేతిలోనే రాలిపోతుంది. వాటిని గుహలోంచి తెచ్చి, చీటీ రాసి, పరీక్షించి, మ్యూజియం సొరుగుల్లో దాచడం నా ఉద్యోగం. ఐదేళ్ళుగా అదే చేస్తున్నాను.

ఈ ఉద్యోగం నాకు ఇప్పించింది మా మ్యూజియం ప్రయోగశాలకి పెద్ద అయిన మాస్టారు. నాకంటే ముందు మా అన్నయ్యకి ఆయన గురువు.

ఎనిమిదేళ్ళ కిందట అన్నయ్య నాతో పోట్లాడాడు. దేనికో చెబితే మీరు నవ్వుతారు, ఒక కుర్చీ కోసం. "ఈ ఇంట్లో ఇక ఉండను" అని విసురుగా అన్నాడు. మర్నాడు మాస్టారితో గుహకి వెళ్ళాడు. సాయంత్రం మాస్టారు ఒక్కరే మా ఇంటికొచ్చారు. ఇద్దరం కలిసే బయటికొచ్చామనీ, వాడు బస్సెక్కి వెళ్ళిపోయాడనీ, ఎక్కడికో చెప్పలేదనీ అన్నారు. అమ్మ నమ్మలేదు. గుహలో వెతికించమని పోలీస్ స్టేషన్లో భీష్మించుకు కూర్చుంది. వాళ్ళూ సరేనన్నారు. రెండోరోజు మాస్టారు నన్ను పక్కకి పిలిచారు.

"అంతమంది లోపలికి దిగితే గబ్బిలాలు బెదిరి వెళ్ళిపోతాయమ్మాయ్. గుహ నాశనమైపోతుంది. ఇల్లు వదిలి వెళ్తానని వాడు నీతో అన్నాడు కదా. అదే రాసివ్వు, చాలు."

రాసిచ్చాను. కింద సంతకం పెట్టాను. నాకు వాడిమీద పీకలదాకా కోపం. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయి, అమ్మని నా నెత్తిన పడేశాడనుకున్నాను. పోలీసులు వెతకడం ఆపేశారు.

ఆ తర్వాత మాస్టారే మాకు పెద్దదిక్కయ్యారు. నెలకోసారి వచ్చి అమ్మని పలకరించేవారు. ఆయనొస్తే అమ్మ ముందు ఆయనకి వడ్డించి, తర్వాతే నన్ను కూర్చోమనేది. నాన్న లేని ఇంట్లో నాన్న కుర్చీలో కూర్చునే మనిషి ఆయనొక్కరే.

మాస్టారికి పేరు తెచ్చిపెట్టిన ఖనిజం ఒకటుంది. ప్రయోగశాలలో మేం దాన్ని నీలిపలుకు అంటాం. చీకట్లో ఉన్నంతకాలం అది గాజుముక్కలా తెల్లగా ఉంటుంది. వెలుతురు తగిలితే కాసేపట్లో నీలంగా మారిపోతుంది. ఒకసారి మారితే మళ్ళీ తెల్లబడదు. అది దొరికేది ఆ గుహ అడుగున ఉన్న ఒక్క గదిలో. అందుకని ఆ గదికి మాస్టారు ఒక నియమం పెట్టారు. అక్కడ తెల్లదీపం వెలిగించకూడదు. ఫోటోలు కడిగే గదుల్లో ఉండేలాంటి ఎర్రదీపం, అదీ సన్నగా, వెలిగించుకుని పనిచేయాలి. చెక్కిన ముక్కని అక్కడే నల్లగుడ్డ సంచిలో వేసి మూతి బిగించాలి. ప్రయోగశాలలో కూడా ఎర్రదీపం కిందే చూడాలి. గదిలో మాట్లాడకూడదు, గబ్బిలాలు బెదురుతాయి. ఆయన శిష్యులం అందరం ఆ నియమాన్ని కళ్ళకద్దుకుని పాటించాం.

నన్ను తొలిచేది ఒక్కటే. నీలిపలుకు పుట్టాలంటే పెంటతో పాటు ఇనుము కావాలి. సున్నపురాయిలో ఇనుమెక్కడిది? ఎర్రమట్టి నుంచి వచ్చిందని మాస్టారు రాశారు. నేనూ అదే నమ్మాను. నెల కిందట ఒక ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుంటే, పలుకుల మధ్య చిన్న ఇనుప రింగు కనిపించింది. వాచీ పట్టీ కన్నానికి ఉంటుందే, అలాంటిది. ఎర్రమట్టిలో వాచీలు పండవు కదా. మాస్టారికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఈసారి దిగినప్పుడు ఒక్క నిమిషం తెల్లదీపం వేసి చూద్దామనుకున్నాను.

తర్వాతి వారం ఒకరోజు ఉదయం తొమ్మిదికి గుహ దగ్గరికి చేరాం. బయట ఎండ కాస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ రేడియో విప్పి బాగుచేస్తున్నాడు. మాస్టారు ఫ్లాస్కులోంచి టీ పోసి ముందు నాకిచ్చారు.

"మోకాళ్ళు మొరాయిస్తున్నాయమ్మాయ్. నేను గట్టు మీదే కూర్చుంటా. నువ్వు దిగి రెండు ముక్కలు తీసుకొచ్చెయ్."

ఐదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా కింది గదిలోకి దిగలేదు. ప్రతిసారీ మోకాళ్ళే. పాపం పెద్దాయన అనుకునేదాన్ని.

గంటసేపు వంగి, పాకి, లోపలి గట్టు దాకా వెళ్ళాం. అక్కడి నుంచి ఇరవై అడుగుల లోతు. మాస్టారు తీగ నిచ్చెన కిందికి జార్చారు. నేను దిగాను.

దిగుతుంటే ముందు వాసన తగులుతుంది. ముక్కునే కాదు, కళ్ళని కూడా మండించే వాసన. తర్వాత వెచ్చదనం. పెంటగుట్ట లోలోపల ఎప్పుడూ ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి గది అంతా జ్వరమొచ్చిన మనిషి పక్కలా ఉంటుంది. కాళ్ళు మడమల దాకా మెత్తగా దిగబడతాయి. గుట్ట మీద వేల పురుగులు కదులుతుంటాయి. ఎండుటాకుల మీద సన్నగా వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. తల పైన ఎక్కడో గబ్బిలాలు నిద్రలోనే కిచకిచలాడుతుంటాయి. ఇదంతా నాకు అలవాటే, భయం ఎప్పుడో పోయింది.

నీలిపలుకు ఉండేది మూలనున్న దిబ్బ మీద. నడుమెత్తు ఉంటుంది. ఎర్రదీపంలో అదొక మసక ముద్ద, అంతే. దానికి ఆనుకునే చీటీలు రాసుకునేదాన్ని. ఎప్పుడూ కుడివైపు నుంచే చెక్కేదాన్ని, అక్కడ పలుకులు పెద్దవి. లోపల గట్టిగా ఏదో తగిలేది. గుహ రాయేలే అనుకుని పలుకులతో పాటే సంచిలో వేసేదాన్ని.

ఆ రోజూ మోకాళ్ళ మీద కూర్చుని ఉలి పెట్టాను. సుత్తితో రెండు దెబ్బలు వేశాను.

టక్. టక్.

ఆగాను. చేతులు తుడుచుకుంటున్నాను.

టక్.

ప్రతిధ్వని అనుకున్నాను. కానీ ప్రతిధ్వని అంత ఆలస్యంగా రాదు. అంత దగ్గరగా రాదు. అది దిబ్బ లోపలి నుంచి వచ్చింది...

ఊపిరి బిగబట్టాను. పురుగుల చప్పుడు ఆగిపోయింది. ఐదేళ్ళలో అది ఆగడం నేనెప్పుడూ వినలేదు.

ఇక లాభం లేదని ఎర్రదీపం ఆర్పి, హెల్మెట్ మీది తెల్లదీపం వెలిగించాను.

కళ్ళు చెదిరాయి. కాసేపటికి కుదురుకున్నాక చూస్తే, దిబ్బ మురికి పట్టిన ఉప్పుముద్దలా ఉంది. ఇంతేనా అని నా భయానికి నేనే నవ్వుకున్నాను. ఎలాగూ నియమం తప్పాను కాబట్టి తీరిగ్గా చూద్దామని అక్కడే కూర్చున్నాను.

నాలుగైదు నిమిషాలు గడిచాయి. తెలుపు మీద సన్నటి నీలిగీత ఒకటి తేలింది. వంపు తిరిగిన గీత. దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి... ఫోటో కాగితం మందునీళ్ళలో వేస్తే బొమ్మ పైకి తేలినట్టు, నీలం తేలుతోంది. గీతల మధ్య దూరం ఒక్కలాగే ఉంది.

పక్కటెముకలు.

ముడుచుకున్న మోకాళ్ళు తేలాయి. వాటిని చుట్టుకున్న ఎడమచెయ్యి తేలింది. పైన గుండ్రటి బొడిపె... హెల్మెట్. చేతిగ్లవుతో దాని మీది పొర తుడిచాను. గోళ్ళరంగుతో వేసిన ఎర్రపువ్వు కనిపించింది, ఐదు రెక్కలు, ఒకటి వంకర. ఆ వంకర రెక్క నా చేతి పనే. అన్నయ్య మొదటిసారి గుహకి వెళ్ళిన రోజు వేశాను.

కుడిచెయ్యి భుజం నుంచి ముందుకి చాపి ఉంది. నిచ్చెన వైపుకి. ముంజేతి మధ్య దాకా ఉంది. అక్కడి నుంచి లేదు.

అక్కడి నుంచి నా ఉలి గాట్లు ఉన్నాయి.

గుసగుసగా పిలిచాను.

"మాస్టారూ..."

తలెత్తి గట్టు వైపు చూశాను.

"మాస్టారూ, అన్నయ్య... అన్నయ్య ఇక్కడున్నాడు."

పైనుంచి ఆయన గొంతు వినిపించింది. గబ్బిలాలు బెదరకుండా మాట్లాడే ఆ మెత్తటి గొంతే.

"దీపం ఆర్పెయ్ అమ్మాయ్. పలుకు పాడైపోతుంది."

నా చెవుల్ని నేను నమ్మలేదు.

"మీకు తెలుసు."

"పడిపోయాడమ్మా. తాడు తెగింది. పాతదైపోయింది, మార్చండి మాస్టారూ అని వాడు రెండుసార్లు చెప్పాడు. నేనే... ఆ సంగతి బయటపడితే నన్ను మళ్ళీ ఏ గుహలోనూ అడుగు పెట్టనిచ్చేవారు కాదు."

"పడగానే పోయాడా?"

గట్టు అంచు నుంచి రెండు గులకరాళ్ళు రాలాయి.

"మాస్టారూ, పడగానే పోయాడా?"

"కాళ్ళు విరిగాయి. మాట్లాడుతూనే ఉన్నాడు. మూడోరోజు నేనొచ్చి చూస్తే కూడా పిలుస్తున్నాడు. నిన్నే పిలుస్తున్నాడు. 'చెల్లీ, చెల్లీ' అని. వినలేకపోయానమ్మా. 'ఎవరూ రారురా, మీ చెల్లే సంతకం పెట్టింది' అని చెప్పేశాను. ఆ తర్వాత పిలవలేదు."

ఎనిమిదేళ్ళు నేను వాడిని తిట్టుకున్నాను. వాడి ఫోటో గోడ మీంచి తీసి బీరువా వెనక పడేసింది నేనే. వాడు మోసం చేశాడనుకుంటూ నేను బతికాను. నేను మోసం చేశాననుకుంటూ వాడు చచ్చిపోయాడు. మధ్యలో ఈ మనిషి ఇద్దరి దగ్గరా గురువుగారే.

"మా ఇంట్లో అన్నం ఎలా తిన్నారు మాస్టారూ?"

"నిన్ను చదివించాను కదమ్మా. నిలబెట్టాను కదా."

"నా చేత వాడిని చెక్కించారు!"

"ఇంకెవరు దిగినా వాడు ఊరుకోవడం లేదు. ముగ్గురు పని మానేసి పారిపోయారు. నువ్వు దిగితే మాత్రం చడీచప్పుడు లేదు. అందుకే నిన్ను..."

ఆ మాట పూర్తి చేయలేదు. తీగ నిచ్చెన గోడకి రాసుకుంటూ కదిలింది. పరుగెత్తాను. పెంటలో కాలు దిగబడి బోర్లా పడ్డాను. లేచేసరికి చివరి మెట్టు నా వేళ్ళకి అందనంత పైకి వెళ్ళిపోయింది.

"మాస్టారూ! మాస్టారూ, అమ్మ ఒక్కతే అయిపోతుంది!"

"నువ్వు కూడా వెళ్ళిపోయావని చెప్తాలే" అన్నారు. నిజంగా ఓదారుస్తున్నట్టే అన్నారు.

అడుగుల చప్పుడు దూరమైంది.

గోడలు ఎక్కబోయాను. తడిసిన సున్నపురాయి చేతుల్లో జారింది. నాలుగుసార్లు జారి పడ్డాక, బ్యాటరీ మిగుల్చుకుందామని దీపం ఆర్పేశాను. చీకటి మీద పడింది. గుహలోని చీకటి బయటి చీకటిలాంటిది కాదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే.

పాకుతూ దిబ్బ దగ్గరికి వెళ్ళాను. ఇంకెక్కడికి వెళ్ళను? వాడి పక్కన కూర్చున్నాను. ఐదేళ్ళలో ఆ గదిలో నేను నోరు విప్పింది ఆ రోజే.

"అన్నయ్యా, నేనే. చెల్లిని."

దిబ్బ మీద చెయ్యి వేశాను.

"నేనే అన్నయ్యా. చెల్లిని. నాకు తెలియదు. ఒట్టు, నాకు తెలియదు."

మూడోసారి ఏడుస్తూ చెప్పాను. అప్పుడు పైన, గట్టుకి అవతల, మాస్టారు ఆగిపోయిన చప్పుడైంది. ఎవరో ఎదురొస్తే ఆగినట్టు. తర్వాత ఆయన గొంతు. ఆయనొక్కరి గొంతే.

"కాదు... నేను కాదు..."

ఎవరితో?

"నేను కాదు నాయనా... చెయ్యి వదులు... కింద ఉంది. అదుగో, కిందే ఉంది..."

ఒక కేక వేశారు. సగంలో తెగిపోయింది. గబ్బిలాలన్నీ ఒక్కసారి లేచాయి. వేల రెక్కలు నా తల మీంచి, మొహం మీంచి వెళ్ళిపోయాయి. అవి వెళ్ళాక గది ఖాళీ అయినట్టనిపించింది.

చీకట్లో తీగ నిచ్చెన జారిన చప్పుడు. మెట్టు మెట్టుగా... నెమ్మదిగా... ఎవరో జాగ్రత్తగా దింపుతున్నట్టు. చప్పుడు వైపు పాకాను. చివరి మెట్టు నా భుజానికి తగిలి ఆగింది.

ఎక్కాను. గట్టు మీద ఎవరూ లేరు. మాస్టారి హెల్మెట్ వెలుగుతూనే పడి ఉంది. పక్కన ఆయన కళ్ళజోడు, మడతపెట్టి. నేను ఆగలేదు. మోచేతులు చీరుకుపోయేలా పాకి బయటపడ్డాను. బయట మధ్యాహ్నం ఎండ. వాచ్‌మన్ రేడియో పాడుతోంది. మాస్టారు బయటికి రాలేదని అతను చెప్పాడు.

రెండు వారాలు వెతికారు. గుహలో ఆయన జాడ లేదు. ఇంకో దారి కూడా లేదు.

అన్నయ్యని పైకి తెచ్చారు. వెళ్ళిపోయిన కొడుకు దొరికినందుకు ఏడవాలో, పోయిన కొడుకు దొరికినందుకు ఏడవాలో అమ్మకి అర్థం కాలేదు. ఒక్కటే అడిగింది.

"వాడు మనల్ని పిలిచాడటే?"

"లేదమ్మా. పడగానే పోయాడట" అన్నాను. నా రెండో అబద్ధం అది, సంతకం పెట్టినది మొదటిది.

కుడిచెయ్యి ఎముకలు తప్ప అన్నీ ఉన్నాయని డాక్టరు అన్నాడు. అవెక్కడున్నాయో నేను చెప్పాను. మా మ్యూజియం సొరుగుల్లో ఉన్నాయి, పదిహేడు నల్లసంచుల్లో, నా చేతిరాత చీటీలతో. నిన్న పొద్దున వాటిని అప్పగించడానికి ప్రయోగశాలకి వెళ్ళాను. కిటికీలన్నీ తెరిచాను. సంచులు తీసి బల్ల మీద వరుసగా పెట్టాను. మూతులు బిగించే ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి చూశాను. ఖాళీ. చీటీలు మాత్రం ఉన్నాయి.

ఎవరైనా తీశారేమోనని ఆలోచిస్తూ కూర్చుంటే ఫోన్ మోగింది. నాకంటే ముందు పని మానేసి పారిపోయిన ముగ్గురిలో ఒకాయన. ప్రయోగశాలలో అందరూ పొడుగాయన అనేవారు. పేపర్లో చూశాడట.

"అక్కా, నేనప్పుడు ఎందుకు పారిపోయానో ఎవరికీ చెప్పలేదు. పిచ్చివాడంటారని. కింద గదిలో చీకట్లో ఏదో నా మణికట్టు పట్టుకుంది. చల్లగా, గట్టిగా. పట్టుకుని ఒకటే అడిగింది."

"ఏమని?"

"'చెల్లీ, నువ్వేనా?' అని. కాదు బాబోయ్, నేను కాదు అన్నాను. వెంటనే వదిలేసింది. మిగతా ఇద్దరికీ అంతేనట. కాదంటే వదిలేసిందట."

మాస్టారూ కాదనే అన్నారు, ఆయన్ని మాత్రం వదల్లేదు.

"మీకేం కాలేదు కదా అక్కా? మిమ్మల్ని ఎప్పుడైనా అడిగిందా?"

"లేదు" అన్నాను. నిజమే, నన్ను ఎవరూ అడగలేదు. అడగకుండానే నేను చెప్పాను. మూడుసార్లు చెప్పాను.

"హమ్మయ్య" అన్నాడు ఆయన.

నిచ్చెన దింపింది నన్ను క్షమించే అనుకుంటూ వచ్చాను. రెండు వారాలు ఆ ఒక్క మాట పట్టుకునే నిద్రపోయాను. ఫోన్ ఎడమచేత్తో అలాగే పట్టుకుని, పెన్ను తీసుకుందామని బల్ల మీదున్న కుడిచెయ్యి ఎత్తబోయాను.

లేవలేదు. మణికట్టు చుట్టూ చల్లగా, గట్టిగా ఉంది.